పాయింట్ ఐదు రెండు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఇది ముందుగాలనే ఒప్పుకుంట, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా ఆ కోపంతోనే మొదలైంది. వరంగల్ ఊరు దాటినాక ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ పిల్లలకు పాఠం చెప్త. ఇరవై ఏండ్లు దాటింది. పిల్లలు నాకు వెనక ఏదో పేరు పెట్టుకున్నరని తెలుసు, అదేందో మాత్రం ఎవ్వరూ చెప్పరు. నేను వరండాల నడిచొస్తాంటే ముచ్చట్లు బందైతయి, ఫోన్లు జేబులల్లకు పోతయి. అది గౌరవం అనుకుని చానా ఏండ్లు మురిసిన.

మా కాలేజీల ఒక్కొక్క లెక్చరర్‌కు ఇరవై మంది పిల్లలను అప్పజెప్తరు. మెంటర్ అంటరు. చేరిన దినం నుంచి పాసై బయటపడేదాక వాళ్ళ మంచీ చెడూ మనమే అరుసుకోవాలె. దానికొక రిజిస్టర్. నెలకొకసారి ఒక్కొక్కరిని కూసోబెట్టి మాట్లాడి, ఏం మాట్లాడినమో అండ్ల రాయాలె. 'బలాలు' అని ఒక గడి, 'బలహీనతలు' అని ఒక గడి, 'మెంటర్ ఇచ్చిన సలహా' అని ఇంకోటి. నిజం చెప్తే ఏంబోయింది, నేను నెలాఖరున స్టాఫ్‌రూంల చాయ్ తాగుకుంట ఒక్క కూసోవట్ల ఇరవై పేజీలు నింపేదాన్ని. కష్టపడే స్వభావం. ఇంగ్లీషు మెరుగుపడాలి. బాగా చదవమని చెప్పడమైనది. ఇరవై మందికీ అదే బలం, అదే బలహీనత, అదే సలహా. పక్క సీటు మేడమ్ ఒకసారి తొంగి చూసి, "ఏంది, మీ పిల్లలందరు ఒక్క తల్లి కడుపుల పుట్టిన్రా?" అని నవ్వింది. నేను గూడ నవ్విన.

ఆ ఇరవై మందిల ఒక పిల్ల ఉండె. కేసముద్రం దిక్కు ఊరు. నాయిన రైతు, మక్కజొన్న, పత్తి వేస్తడు. వాళ్ళ ఇంట్ల కాలేజీ మొఖం చూసిన మొదటి మనిషి ఈ పిల్లనే. హాస్టల్ల ఉంటది. క్లాసుల మూడో బెంచీల గోడ పక్క కూసుంటది. మాట తక్కువ గని అడిగిందంటే మాత్రం వదలదు. "గట్లెందుకైతది మేడమ్?" అంటది. చెప్తే విని, తల ఊపి, మళ్ళ నిమిషానికి, "గట్లయితే గిదెందుకు గాదు మేడమ్?" అంటది. పీరియడ్ అయిపోవస్తాంటే ఇట్ల అడిగితే ఎవరికైనా మండుతది. నాకు జర ఎక్కువ మండుతది.

రెండో సంవత్సరంల వీళ్ళకు నీళ్ళ ల్యాబ్ ఉంటది. అండ్ల ఒక ప్రయోగం. పెద్ద కష్టమేం కాదు. కాలువ లాంటి ఒక ఇనుప తొట్టి, దాని కొసకు వీ ఆకారంల కోసిన ఇత్తడి రేకు. మోటర్ వేస్తే నీళ్ళు ఆ కోత మీదికెల్లి దుంకి కింద ఇంకో తొట్టిల పడ్తయి. ఆ కింది తొట్టిల నీళ్ళు పది సెంటీమీటర్లు లేవనీకి ఎన్ని సెకండ్లు పట్టిందో ఐదారుసార్లు స్టాప్‌వాచ్ పట్టి చూడాలె. ఆ కింది తొట్టి పొడుగు, వెడల్పు దాని మీదనే తెల్ల పెయింట్‌తో రాసి ఉంటయి, యాభై ఇంటూ యాభై సెంటీమీటర్లు అని. లెక్క కడితే కొసకు ఒక అంకె వస్తది. పుస్తకం ప్రకారం అది పాయింట్ ఆరు రెండు కాడ ఉండాలె. గంతే.

గని మా దగ్గర మోటర్ వేసుడే తక్కువ. గేటు ముందటి జిరాక్స్ దుకాణంల సీనియర్ల రికార్డులు దొరుకుతయి. ఐదుగురు పిల్లల బ్యాచ్ ఒకటి తెచ్చుకుంటది, స్టాప్‌వాచ్ మెడల వేసుకుని ఒకడు తొట్టి కాడ నిలబడ్తడు, మిగిలినోళ్ళు కూసోని అంకెలు ఎక్కించుకుంటరు. నాలుగో రీడింగ్ ముప్పై ఏడు పాయింట్ నాలుగు సెకండ్లు. ఏ బ్యాచ్ రికార్డు తెరిచినా నాలుగో రీడింగ్ అదే. కండ్లు మూసుకుని చెప్పొచ్చు. నాకు తెల్వదా? తెలుసు. తెలిసే సంతకం పెట్టేదాన్ని. చేతిరాత మంచిగున్నదా, గీతలు స్కేలుతో కొట్టిన్రా, అట్ట వేసిన్రా, ఇవి చూసేది. అరవై మంది రికార్డులు దిద్దాలె, సిలబస్ అయిపోవాలె, ఎవరికి ఓపిక ఉంటది అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఈ పిల్ల మాత్రం మోటర్ వేసింది. బ్యాచోళ్ళు నవ్వుతాంటే ఒక్కతే వాల్వు తిప్పింది, ఒక్కతే సెకండ్లు చూసింది, అంకెలన్నీ రాసుకుని లెక్క కట్టింది. రికార్డు తెచ్చి నా ముందట పెట్టింది. కొసకు పాయింట్ ఐదు రెండు.

"ఏందమ్మా గిది?" అన్న. "పాయింట్ ఐదు రెండు ఏడా రాదు. మళ్ళ చెయ్యి."

ఎర్ర పెన్నుతో అడ్డంగ కొట్టిన. వారం తర్వాత మళ్ళ వచ్చింది. ఈసారి పాయింట్ ఐదు ఒకటి. మళ్ళ కొట్టిన. అందరివి దిద్దుడు అయిపోయింది, ఈ పిల్ల ఒక్కతే మిగిలింది. మూడోసారి వచ్చేటప్పటికి ల్యాబ్ నిండ పిల్లలున్నరు, కరెంటు లేదు, ఉక్క పోస్తాంది. తెరిచి చూసిన. పాయింట్ ఐదు రెండు.

ఇగ నా కోపం సంగతి చెప్పిన గద. రికార్డు బల్ల మీదికి విసిరికొట్టిన. అది జారి కింద పడ్డది. "కండ్లు ఏడ పెట్టి చూస్తానవ్? అరవై మందికి వచ్చేది నీకొక్కదానికి ఎందుకు రాదు? సీనియర్ల రికార్డు చూసి దిద్దుకో పో!" అన్న. అంతటితో ఊకుంటే బాగుండు. ఊకోలే. "నీకు సివిల్ ఎందుకమ్మా, ఇంకేదన్న చూసుకోరాదు?" అన్న.

ఎవరో వెనక కిసుక్కున నవ్విన్రు. పిల్ల వంగి రికార్డు తీసుకున్నది, దుమ్ము తుడిచింది, బయటికి పోయింది. నేను తర్వాతి రికార్డు తెరిచిన. నాలుగో రీడింగ్ ముప్పై ఏడు పాయింట్ నాలుగు. సంతకం పెట్టిన.

తెల్లారి నా బల్ల మీద ఒక కాగితం ఉండె. తెలుగుల రాసి ఉన్నది. 'నాకు ఇంజనీరింగ్ చేతకాదని అర్థమైంది. ఎన్నిసార్లు చేసినా తప్పే వస్తున్నది. దయచేసి నా టీసీ ఇప్పించగలరు.' టీసీ అంటే ఇగ ఆ కాలేజీతో సంబంధం తెగిపోయినట్టే. ఒక్కసారి తీసుకున్నంక సీటు మళ్ళ రమ్మంటే రాదు. దాని కింద మెంటర్ సంతకం పెట్టే జాగ ఖాళీగ ఉన్నది. పిల్ల అప్పటికే సామాను సదురుకుని ఊరికి పోయిందట. ఆఫీసాయన వచ్చి, "మేడమ్, సోమవారం లోపల సంతకం పెట్టి పంపిస్తే పని అయిపోతది" అన్నడు.

ముందైతే నాకు కోపమే వచ్చింది. ఒక్క మాట అన్నందుకే ఇంతనా, ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు అని గొణుక్కున్న. పెన్ను గూడ తీసిన. సంతకం పెట్టేముందు సలహా ఏమిచ్చినమో రిజిస్టర్ల రాయాలె గద, అని ఆ పిల్ల పేజీ తెరిచిన. కష్టపడే స్వభావం. ఇంగ్లీషు మెరుగుపడాలి. బాగా చదవమని చెప్పడమైనది. పద్నాలుగు నెలలు, పద్నాలుగు సార్లు, అదే రాత. ఈ పిల్లతో నేను ఒక్కనాడన్న కూసోని మాట్లాడిన్నా? వాళ్ళ ఇంట్ల ఎంతమంది, ఏం తింటది, ఎందుకు సివిల్ తీసుకున్నది, నాకేం తెలుసు? ఏమీ తెల్వదు. పెన్ను మూత పెట్టిన. కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగుల వేసుకున్న.

మూడు దినాలు పిల్లకు ఫోన్ చేసిన. ఎత్తలే. నాలుగో దినం పొద్దుగాల రిజిస్టర్ల ఉన్న వాళ్ళ నాయిన నంబర్‌కు చేసిన.

"నేను మీ బిడ్డ కాలేజీ మేడమ్‌ను."

"ఆఁ, చెప్పు సారమ్మా," అన్నడు. వెనక లారీల మోత, మనుషుల లొల్లి. "ఇయ్యాల కేసముద్రం మార్కెట్‌కు మక్కలు తెచ్చినం. పిల్ల గూడ ఈడనే ఉన్నది. నాలుగొద్దుల సంది మాటలేదు ముచ్చట లేదు, ఏమైందని అడిగితే చెప్తలేదు. నీకేమన్న ఎరుకనా?"

నాకే ఎరుక అని ఎట్ల చెప్త? "నేను వస్తాన" అన్న. సెలవు చీటీ ఒకరి చేతుల పెట్టి, వరంగల్ స్టేషన్ల ప్యాసింజర్ ఎక్కిన. కిటికీ పక్క కూసున్న గని బయట ఏం కనిపించిందంటే చెప్పలేను. ఏం మాట్లాడాలె, ఎట్ల మొదలుపెట్టాలె అని అదే ఫికర్. ఇరవై ఏండ్ల సర్వీసుల ఒక్క పిల్ల ఇంటికి పోలే నేను. పిల్లలే నా దగ్గరికి రావాలె అనుకునేదాన్ని.

మార్కెట్ యార్డు నిండ మక్కల రాశులు, పచ్చగ, కండ్లు చెదిరేటట్టు. బస్తాల నడుమ దారి చేసుకుంట అడుక్కుంట పోతే ఒక షెడ్డు కింద తండ్రీబిడ్డలు కనిపించిన్రు. పిల్ల తలకు తువ్వాల చుట్టుకుని బస్తాల మూతులు కుడుతాంది. నన్ను చూసింది. దబ్బునం పట్టిన చెయ్యి అట్లనే ఆగిపోయింది. నేను మళ్ళ కోపం చేయనీకే ఈడిదాక వచ్చిననుకున్నట్టున్నది, మొఖం తెల్లబోయింది. ఆ మొఖం చూసి నాకు నా మీద నాకే అసహ్యమేసింది.

నాయిన లేచి నిలబడి దండం పెట్టిండు. "కూసో సారమ్మా," అని ఒక బస్తా దులిపి చూపించిండు. "మా వంతు వచ్చింది, ఈ కాంట పని అయిపోతే మాట్లాడుకుందాం."

కాంటా వేసే మనిషి మిషన్ పక్క నిలబడ్డడు. హమాలీలు మొదటి బస్తా లేపబోయిన్రు. "ఆగున్రి" అన్నడు నాయిన. పోయి తన ట్రాలీల నుంచి ఒక రాయి మోసుకొచ్చిండు. గుండ్రంగ, నడుమ రంధ్రం, పక్కకు కట్టె పిడి. ఇసుర్రాయి పై చెక్క! దాన్ని భద్రంగ కాంటా మీద పెట్టిండు. కాంటా మనిషి విసుక్కున్నడు. "మళ్ళ తెచ్చినవా కాకా ఈ రాయిని? ప్రతిసారి గిదే పనా?"

"ప్రతిసారి గిదే పని," అన్నడు నాయిన, వంగి అంకె చూసుకుంట. మిషన్ ఇరవై ఒకటిన్నర చూపించింది. "ఆఁ, సరిగున్నది. ఇగ ఎక్కించున్రి."

నాకు ఆగబుద్ధి కాలే. "అదెందుకు పెట్టిన్రు?" అని అడిగిన.

"ఇది మా అవ్వ ఇసుర్రాయి సారమ్మా. ఇరవై ఒకటిన్నర కిలోలు. మా ఇంట్ల చిన్న పోరగాళ్ళకు గూడ ఎరుకే. ముందుగాల దీన్ని పెట్టి చూస్త. కాంటా మీద అంకె కనిపిస్తది గద అని ఊకుంటమా? ఆ అంకె కరెక్టేనా కాదా మనకెట్ల తెలుస్తది? ఇది సరిగ చూపిస్తే ఇగ నా బస్తాల సంగతి ఫికర్ లేదు." నవ్విండు. "ఇయ్యాలటిదాక ఈ కాంట తప్పు చూపించలే. గని పెట్టుడు మాత్రం ఇడువ."

నేను ఆ రాయిని చూస్తాన. పక్కన అలికిడైతే తల తిప్పిన. పిల్ల లేచి నిలబడ్డది. అది గూడ ఆ రాయినే చూస్తాంది, ఇన్నేండ్లు రోజూ చూసినదాన్నే కొత్తగ చూసినట్టు.

"మేడమ్," అన్నది మెల్లగ. "ఆ తొట్టి మీద యాభై ఇంటూ యాభై అని ఉన్నది గద. అది ఎవరన్న కొలిచిన్రా?"

ఎవరు కొలుస్తరు? పెయింట్‌తో రాసి ఉన్నది. మేం సరాసరి లెక్కలకు ఎక్కించుకున్నం. నేను గూడ ఎన్నడూ కొలువలే.

"తెల్వదు బిడ్డా," అన్న. ఈ మాట ఒక పిల్లకు నేను చెప్పుడు అదే మొదలు. "రేపు వచ్చి కొలుస్తవా?"

తలకున్న తువ్వాల తీసుకుంట నాయిన దిక్కు చూసింది. "కొలిచొస్త బాపూ. గంతే, మళ్ళ వస్త" అన్నది. ఉంట అనలే. కొలిచొస్త అన్నది. నా హ్యాండ్‌బ్యాగుల కాగితం అట్లనే ఉన్నది.

తెల్లారి ఆదివారం. ల్యాబ్ తాళాలు మా అటెండర్ దగ్గర ఉంటయి. ముసలాయన, పిల్లలు చాచా అని పిలుస్తరు, నేను గూడ గదే పిలుస్త. పాపం సెలవు నాడు గూడ ఫోన్ చేస్తే వచ్చిండు. పిల్ల తన బ్యాగుల నుంచి ఒక ఇంచుటేపు తీసింది. దర్జీ టేపు కాదు, ఇనుపది, ఊరి నుంచి తెచ్చుకున్నది. తొట్టి మీదికి వంగి లోపలి దిక్కు పెట్టింది. వెడల్పు చూసింది. యాభై. ఇదీ కాదా అనుకున్న. పొడుగు చూసింది. ఒకసారి చూసి, మళ్ళ తీసి మళ్ళ పెట్టింది.

"అరవై," అన్నది.

"ఏందీ?"

"అరవై మేడమ్. మీరే చూడుండ్రి."

చూసిన. అరవై. తెల్ల పెయింట్ యాభై అంటాంది, ఇనుప టేపు అరవై అంటాంది. చాచా దిక్కు తిరిగిన. ఆయన టోపీ తీసి తల గోక్కున్నడు.

"పాత తొట్టికి తుప్పు పట్టి అడుగు ఊడిపోయింది గద మేడమ్. ఆరేడేండ్లాయె. కొత్తది చేపిచ్చినప్పుడు రేకు మిగిలిందని జర పొడుగు చేసిండు వెల్డింగాయన. పాతదాని మీద ఏమున్నదో గదే నేను దీని మీద రాసిన. ఏమన్న గల్తీ అయ్యిందా?"

"మీది కాదు చాచా," అన్న.

పిల్ల అప్పటికే బల్ల కాడ కూసున్నది. తన రికార్డు తెరిచింది. మూడు పేజీలు, మూడింటి మీద నా ఎర్ర గీతలు. వాటి కిందనే యాభైని అరవై చేసి లెక్క మళ్ళ కట్టుకుంట పోయింది. నేను వెనక నిలబడి చూస్తాన. పాయింట్ ఆరు రెండు. రెండో పేజీ, పాయింట్ ఆరు ఒకటి. మూడో పేజీ, పాయింట్ ఆరు రెండు.

ఓ యమ్మ! పిల్ల కండ్లు మంచిగనే ఉన్నయి. చెయ్యి మంచిగనే ఉన్నది. మొదటిసారికే సరిగ చేసింది. తప్పు చేసింది కాబట్టి కాదు, నిజంగ చేసింది కాబట్టే దానికొక్కదానికి వేరే అంకె వచ్చింది. అరవై మందికి పాయింట్ ఆరు రెండు వచ్చిందంటే అరవై మంది అసలు నీళ్ళే చూడలేదన్నట్టు. స్టూలు గుంజుకుని కూసున్న.

"చాచా, ఆ అల్మారల పాత రికార్డులు తీయుండ్రి" అన్న.

తీసిండు. తొట్టి మారకముందటివి, మారినంకవి. అన్నిట్ల నాలుగో రీడింగ్ ముప్పై ఏడు పాయింట్ నాలుగు సెకండ్లు. తొట్టి మారింది గని అంకె మారలే! ఒక్కొక్కటి తెరుస్తాన, ప్రతి దాని కింద నా సంతకం. అడుగున, అన్నిటికన్న కింద, నీలిరంగు అట్ట ఫైలు ఒకటి బయటపడ్డది. అంచులు చెదలు తిన్నయి. చాచా ఉఫ్ అని దుమ్ము ఊది నా చేతుల పెట్టి, "ఇది మీ ఫైలే గద మేడమ్" అన్నడు.

తెరిచిన. నా రాతనే. ఇరవై ఏండ్ల కిందటి నా రాత, గుండ్రంగ, ముద్దుగ. నాలుగో రీడింగ్. ముప్పై ఏడు పాయింట్ నాలుగు.

ఇగ యాదికొచ్చింది. మర్సిపోయిన అని అంటే అబద్ధం, యాదికి తెచ్చుకోలే అంతే. నేను చేరిన కొత్తల ల్యాబులు చూడనీకి కమిటీ వస్తాంది అన్నరు. ఈ మోటర్‌కు అప్పటికి కరెంటు కనెక్షనే రాలే. ప్రయోగం చేసినట్టు ఒక నమూనా రికార్డు కావాలె, రెండు దినాలల్ల తయారు చెయ్యుమన్నడు అప్పటి మా పెద్దసారు. చిన్న నౌకరి, కొత్త నౌకరి, కాదనే ధైర్యం ఏడిది? కిరాయి రూంల నేల మీద కూసోని, పాయింట్ ఆరు రెండు రావాలంటే సెకండ్లు ఎన్నుండాలె అని వెనక నుంచి ముందటికి లెక్క కట్టిన. ఒక్క చుక్క నీళ్ళు పారలే. కమిటీ వచ్చింది, చూసింది, భేష్ అన్నది. తర్వాత పిల్లలు నమూనా కావాలె అంటే గదే ఇచ్చిన. వాళ్ళు వాళ్ళ జూనియర్లకిచ్చిన్రు. ఆడికెల్లి జిరాక్స్ దుకాణానికి పోయింది.

కాపీ కొట్టే పిల్లలని ఇన్నేండ్లు క్లాసుల నోరు చేసిన. వాళ్ళు కాపీ కొట్టింది నన్నే.

పిల్ల నా దిక్కే చూస్తాంది. దాచొచ్చు. ఫైలు మూసి అల్మారల పెట్టి, 'తొట్టి తప్పమ్మా, నువ్వు చేసింది రైటే' అని భుజం తడితే కథ అయిపోతది. ఒక్క నిమిషం గట్లనే అనిపించింది, అబద్ధమెందుకు. గని ఆ మూడు పేజీల మీది ఎర్ర గీతలు కనిపిస్తానయి. ఫైలు దాని ముందట పెట్టి మొత్తం చెప్పిన. "తప్పు నాది బిడ్డా. మొదటి తప్పు నాదే," అన్న. బ్యాగుల నుంచి కాగితం తీసి ఇచ్చిన. "ఇది నీది. నువ్వు పోతనంటే సంతకం పెడ్త. నా తప్పుకు నువ్వు పోవద్దని మాత్రం నా ఆశ."

పిల్ల కాగితం తీసుకున్నది. చాచా మెల్లగ బయటికి పోయిండు.

"నాలుగు దినాలు ఏడ్చిన మేడమ్," అన్నది. "మా బాపుకు తెల్వకుంట చేన్ల కూసోని ఏడ్చిన. నా మెదడే సరిగలేదనుకున్న."

నేను గూడ ఏడ్చిన. ఒక పిల్ల ముందట ఏడుస్తనని ఎన్నడూ అనుకోలే.

పిల్ల కాగితం మడిచింది. "మీరు నన్ను అందరి ముందట అన్నరు మేడమ్," అన్నది. కోపంగ అనలే. మామూలుగనే అన్నది. "ఇప్పుడు ఒక్కదానికే చెప్తాన్రు."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా న్యాయమే గద అడిగింది. "రేపు ల్యాబ్ ఉన్నది," అన్న. "రేపటిదాక ఉండు."

ఆ రోజు నేను పడ్డ పరేషాన్ నాకే తెలుసు. వంటల ఉప్పు మర్సిపోయిన. అద్దం ముందట నిలబడి నాలుగు తీర్ల చెప్పి చూసుకున్న, నాలుగూ సాకుల లెక్కనే వినిపించినయి. నౌకరి ఏమైతదో, తోటి లెక్చరర్లు ఏమంటరో, పిల్లలు రేపటికెల్లి నా మాట వింటరో లేదో. నేను ఇంత పిరికిదాన్నని నాకే తెల్వదు.

సోమవారం ల్యాబ్ నిండ పిల్లలు. ఆ పిల్ల తలుపు కాడ నిలబడ్డది, బ్యాగు భుజానికే ఉన్నది, లోపలికి రాలే. నేను నీలి ఫైలు ఎత్తి పట్టుకున్న. తయారు చేసుకున్న మాటలన్నీ ఎటుబోయినయో పోయినయి.

"మీ అందరి రికార్డులల్ల ఉన్న ముప్పై ఏడు పాయింట్ నాలుగు ఎవరు కనిపెట్టిన్రో తెలుసా?" అన్న. "నేను. నీళ్ళు చూడకుంటనే రాసిన. మీరు దాన్నే రాసిన్రు, నేను దానికే సంతకం పెట్టిన. ఈ తొట్టి పొడుగు యాభై కాదు, అరవై. మీ అందరిల నిజంగ ప్రయోగం చేసింది ఆ తలుపు కాడున్న పిల్ల ఒక్కతే. దానికి సివిల్ ఎందుకు అన్న నేను. ఆ మాట వాపస్ తీసుకుంటాన. మీ అందరి ముందట మాఫీ అడుగుతాన."

మొన్న కిసుక్కున నవ్విన పోరడే, నాకు ఎవడో తెలుసు, తల దించుకున్నడు. తర్వాత తన రికార్డు మూసి పక్కకు పెట్టిండు. పక్కోడు గూడ పెట్టిండు. నేను చెప్పుమనలే.

పిల్ల లోపలికి వచ్చింది. బ్యాగు దించి బల్ల మీద పెట్టింది. మా ల్యాబ్‌ల ఇంకా నాలుగు తొట్లున్నయి, నాలుగింటి మీదా తెల్ల పెయింట్ రాతలున్నయి. ఎవ్వరినీ అడుగకుంట రెండో తొట్టి కాడికి పోయింది. బ్యాగుల నుంచి ఇనుప టేపు తీసింది, రాసుకోనీకి కాగితం కొరకు చూసింది. మడిచిన ఆ టీసీ కాగితమే చేతికొచ్చింది. విప్పి, వెనక్కి తిప్పి, తొట్టి అంచు మీద పెట్టుకుని, పైన 'రెండో తొట్టి' అని రాసింది.

నేను గూడ ఆ తొట్టి కాడికి పోయిన.

"మేడమ్, జర ఈ కొస పట్టుండ్రి," అని టేపు మొదలు నా చేతుల పెట్టి, అవతలి కొసకు పోయింది. పిల్లలందరు చుట్టూ మూగిన్రు. "మీ దిక్కు సున్నా సరిగ గోడకు ఆనిందా మేడమ్?"

"ఆఁ, ఆనింది" అనబోయిన. అలవాటు. కండ్ల నిండ నీళ్ళు, నాకు సున్నా కాదు గదా టేపే కనిపిస్తలేదు.

"ఆగు బిడ్డా," అన్న. కండ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్న, మళ్ళ పెట్టుకుని వంగిన. "చూసి చెప్త."